రవూఫ్ గారు బూట్లు వేసుకొచ్చిన మూడు రోజులు

అధ్యక్షులు రామకోటేశ్వరరావు గారికి, ముందు వరుసలో కూర్చున్న అర్హాన్‌కు, ఈ హాలు ఇచ్చిన ఆటోనగర్ షెడ్ల యజమానులకు, పనులు ఆపి వచ్చిన మెకానిక్కులకు, మంగళగిరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన రామతులసి గారికి, రోజూ పొద్దున్నే కరకట్ట మీద కలుసుకునే మన వట్టికాళ్ల బ్యాచ్ అందరికీ నమస్కారం.

నా పేరు సింధూరి. గవర్నర్‌పేటలో పుస్తకాలు అచ్చువేసే ఒకచోట ప్రూఫులు దిద్దుతాను. రెండేళ్లుగా మీతో కలిసి నడిచాను, పరిగెత్తాను. అయినా నా గొంతు మీలో చాలామంది ఈరోజే వింటున్నారు. మాట తడబడుతుందని కాగితం మీద రాసుకొచ్చాను. చూసి చదువుతాను, ఏమీ అనుకోకండి.

అబ్దుల్ రవూఫ్ గారు పోయి పన్నెండు రోజులైంది. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. ఆయన మంచితనం గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. అవన్నీ నిజమే. నేను వాటిని మళ్లీ చెప్పను. ఆయన ఎలా పోయారో చెబుతాను. ఇప్పటిదాకా ఈ మైకు ముందు ఆ మాట ఎవరూ అనలేదు. జ్వరం వచ్చి పోయారన్నారు. హఠాత్తుగా పోయారన్నారు.

హఠాత్తుగా కాదండీ. మన కళ్లముందే పోయారు.

ఆయన భార్య ఫక్రున్నీసా గారు భర్త పోయినవాళ్లు పాటించే ఇద్దత్‌లో ఉన్నారు కాబట్టి ఇల్లు దాటి రాలేరు. నిన్న వెళ్లి కలిశాను. రేపు సభలో నేనూ మాట్లాడాలట, ఏం చెప్పమంటారు అని అడిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఇలా అన్నారు: "మా ఆయన గొప్పోడని అందరూ చెప్తారులే బేటీ. నువ్వు మాత్రం మొండోడని చెప్పు. మొండితనం మీద పోయాడని చెప్పు. ఇంకో ఇంట్లో ఇట్టా జరక్కూడదు."

ఆవిడ అనుమతితో మాట్లాడుతున్నాను. వాళ్లబ్బాయి అర్హాన్ అనుమతితో మాట్లాడుతున్నాను.

నేను మాట్లాడటానికి ఇంకో కారణం నా వెనక గోడకు కట్టి ఉంది. ఆ ఫ్లెక్సీ మీరంతా చదివే ఉంటారు. ఈ ఆదివారం ఉదయం ఆరింటికి, రవూఫ్ గారి స్మృతిలో, యనమలకుదురు నుంచి కరకట్ట మీద ఐదు కిలోమీటర్ల వట్టికాళ్ల పరుగు. కింద పెద్ద అక్షరాల్లో "అందరూ ఆహ్వానితులే" అని ఉంది. నిన్నటికి నాలుగు వందల మంది పేర్లిచ్చారు. అందులో ముప్పాతిక వంతు మంది ఇంతవరకు బూట్లు లేకుండా పది అడుగులు కూడా పరిగెత్తనివాళ్లు.

ఆ పరుగు వద్దని అడగడానికి వచ్చాను.

సభ మొదలయ్యే ముందు ఈ మాట రామకోటేశ్వరరావు గారితో చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఇప్పుడివన్నీ ఎందుకమ్మా, పెద్దాయన పేరు చెడుద్ది. నాలుగు మంచి మాటలు చెప్పి దిగు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. సార్, నన్ను క్షమించండి. నాలుగు మంచి మాటలతో నేను దిగలేను.

రవూఫ్ గారు కొత్తవాళ్లతో ఎలా మొదలుపెట్టించేవారో మనలో ఎంతమందికి గుర్తుంది?

నేను చదువుకున్నది కాన్వెంటులో. బూట్లకు పాలిష్ లేకపోతే అసెంబ్లీ అయ్యేదాకా గేటు దగ్గర నిలబెట్టేవారు. ఆరేళ్ల వయసు నుంచి నా కాళ్లు బూట్లలోనే పెరిగాయి. రోజంతా కూర్చుని చేసే పని వల్ల నడుం పట్టేస్తుంటే, ఎవరో చెబితే కరకట్టకు వచ్చాను. మందపాటి అట్టలున్న కొత్త బూట్లు కొనుక్కుని మరీ వచ్చాను. రవూఫ్ గారు నన్ను పలకరించకముందే నా బూట్లను చూశారు. "ఇప్పమ్మా, చూద్దాం" అన్నారు. విప్పాను. నా వేళ్లు ఒకదాని మీదకొకటి ఒరిగి ఉన్నాయి. ఆయన నవ్వి, "ఇయ్యి ఏ స్కూల్లో చదువుకున్నయ్యమ్మా? ఇప్పటికీ లైన్లో కదలకుండా నిలబడున్నయ్యి" అన్నారు.

ఎవరితోనూ నవ్వని నేను ఆ మాటకు నవ్వాను.

ఆ రోజు ఆయన నన్ను పరిగెత్తనివ్వలేదు. మర్నాడూ పరిగెత్తనివ్వలేదు. మొదటి వారం ఇంట్లోనే చెప్పులు లేకుండా తిరగమన్నారు. రెండో వారం కట్ట మీద తారు రోడ్డు మీద రెండు నిమిషాలు నడక. అంతే, ఇంటికి పొమ్మన్నారు. పక్కన మెత్తటి గడ్డి ఉంటే అక్కడ ఎందుకు నడవకూడదని అడిగాను. "గడ్డిలో కాలు బద్ధకంగా పడుద్ది. లోపలేముందో కనపడదు. గట్టి నేల మీదే కాలు జాగ్రత్త నేర్చుకుంటది" అన్నారు. నెల గడిచాక ఇరవై అడుగుల పరుగు. అడుగు చిన్నగా ఉండాలి, శరీరం కిందే పడాలి, మడమ ముందు దిగకూడదు, చప్పుడు రాకూడదు. "నీ అడుగు నాకు ఇనపడిందంటే నువ్వు నేలని కొడతన్నట్టు. నేల ఊరుకోదు, తిరిగి కొట్టుద్ది." ఒకరోజు పరుగు, ఒకరోజు విశ్రాంతి. పిక్కలు నొప్పి పుడితే రెండు రోజులు. కిలోమీటరు దూరం పరిగెత్తడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

నాలుగు నెలలు! మనం ఆదివారం కొత్తవాళ్లకు ఎంత సమయం ఇస్తున్నాం?

ఆయన లారీల కమాన్ కట్టలు బాగుచేసే మనిషి. ఇక్కడున్న మెకానిక్కులకు నేను చెప్పక్కర్లేదు. కమాన్ కట్ట అంటే లారీ బరువంతా మోసే ఇనుప పట్టీల కట్ట అని మిగతావాళ్లకు చెబుతున్నాను. మనిషి అరికాలు వంపు కూడా కమానే అనేవారు ఆయన. "కొత్త పట్టీలేసి అదే రోజు నిండా లోడెత్తితే ఏమవుద్ది? ఇరుగుద్ది. నీ కాలు పాతికేళ్లు షెడ్డులో పడున్న బండి. మెల్లిగా బైటికి తియ్యాలి."

వెంకటసుబ్బారావు గారు ఇక్కడే ఉన్నారు. వకీలు గారు, మీ పేరు చెప్పొచ్చని మీరే అన్నారు. ఆయన వచ్చిన మొదటి రోజే, రవూఫ్ గారు అటు తిరిగి ఇంకెవరికో చెబుతుండగా, బూట్లు విప్పేసి మూడు కిలోమీటర్లు పరిగెత్తారు. హాయిగా ఉందన్నారు. వారం తిరక్కుండా పాదంలో ఎముక బీటవారింది. ఆరు వారాలు మంచం మీద ఉన్నారు. ఆ ఆరు వారాలూ ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక రవూఫ్ గారు వాళ్లింటికి వెళ్లి కూర్చునేవారు. ఒక్కసారి కూడా "నేను చెప్పానుగా" అనలేదట. "తప్పు నాదే వకీల్ సాబ్. బండి పోతుంటే గేటు ఎయ్యలేదు నేను" అన్నారట.

అటువంటి మనిషి పేరు మీద మనం నాలుగు వందల మందికి ఒకేసారి గేటు తెరుస్తున్నాం.

ఇప్పుడు రామతులసి గారి సంగతి. ఆవిడ మగ్గం నేస్తారు. మోకాళ్ల నొప్పులకు మంచిదని విని మంగళగిరి నుంచి మొదటి బస్సుకు వచ్చారు. రవూఫ్ గారు అడిగిన మొదటి ప్రశ్న, "అక్కా, సుగరుందా?" ఆవిడ, "ఉంటే ఏంది? ఊళ్లో లేందెవరికి?" అన్నారు. అప్పుడు ఆయన ఆవిణ్ని చెప్పు విప్పనివ్వలేదు. అదే రోజు ఆటో మాట్లాడి, సుగరు వల్ల కాళ్లు పాడైనవాళ్లను చూసే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. ఆ పరీక్ష చాలా చిన్నది. కళ్లు మూసుకోమంటారు. ఒక నైలాను దారం కొసను అరికాలికి పదిచోట్ల ఆనిస్తారు. తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పాలి. రామతులసి గారికి రెండు వేళ్ల దగ్గర తెలియలేదు. వట్టికాళ్లతో బయట తిరగనే కూడదని డాక్టరు చెప్పారు. ఆవిడకు కోపం వచ్చింది. "పరిగెత్తిస్తానని పిలిచి చెప్పులు తొడుగుతున్నావేందయ్యా" అని ఆయన్ను తిట్టారు. రవూఫ్ గారు తిట్లు తిని, తన షెడ్డులో లారీ టైరు రబ్బరు కోసి, లోపల మెత్త అంటించి ఆవిడ పాదం కొలతకు చెప్పులు చేసిచ్చారు. ఈరోజు ఆవిడ ఆ చెప్పులతోనే వచ్చారు.

ఇంతవరకు మనందరికీ తెలిసిన కథే. తెలియంది ఇంకొంచెం ఉంది. ఆయన పోయాక రామతులసి గారు నాకు చెప్పారు.

ఆ రోజు పరీక్ష అయ్యాక, ఆయన సంగతి ముందే తెలిసిన ఆ డాక్టరు రవూఫ్ గారి వైపు తిరిగి, "మీకూ ఉందిగా సుగరు, మీరూ కూర్చోండి" అన్నారట. ఆయన నవ్వి, "నాకేంది డాక్టర్ గారూ! రోజూ ఐదు కిలోమీటర్లు వట్టికాళ్లతో పరిగెత్తేవాణ్ణి. ఈ ఊళ్లో నాకంటే మంచి కాళ్లు ఎవరికున్నయ్?" అన్నారట. కుర్చీ ఎక్కలేదు.

ఆయనకు పదకొండేళ్లుగా సుగరుంది. మాత్రలు వేసుకునేవారు. మనలో ఎవరికీ తనంతట తాను చెప్పలేదు. మనం అడగలేదు. అందరినీ అడిగే మనిషిని ఎవరు అడుగుతారు?

మీ కుర్చీల్లో ఒక కాగితం ఉంది. తీసి చూడండి. "కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు" అని పైన ఉంటుంది. పోయిన ఫిబ్రవరిలో రవూఫ్ గారు చెబుతుంటే నేను రాసిన కాగితం అది. వాళ్ల షెడ్డులో, సుత్తి దెబ్బల మధ్య, తిరగేసిన ఆయిలు డబ్బా మీద కూర్చుని ఆయన చెప్పారు. ఒక పక్కన పట్టీలు కాలుతున్నాయి. ప్రతి మాటా రెండుసార్లు చెప్పారు, నాకు వినపడదేమోనని. ఆదివారం పరుగు కోసం కమిటీవాళ్లు ఆయన ఫొటో పెట్టి దాన్నే మళ్లీ అచ్చువేయించారు.

అందులో ఒక వాక్యం లేదు.

చివర్లో ఆయన చెప్పింది ఇది. "సుగరున్నోళ్లు ముందు డాక్టరుకి కాళ్లు చూపించుకోవాలి. కాలికి తెలుస్తందో లేదో చూపించుకోకుండా చెప్పు ఇప్పకూడదు. ఇది పెద్దక్షరాల్లో రాయి." నేను రాసుకున్నాను. ఇంటికి వెళ్లి కంపోజు చేశాను. పేజీకి రెండు లైన్లు ఎక్కువయ్యాయి. ఒక పేజీలోనే ఇమడాలి, వెనకవైపు అచ్చువేస్తే ఎవరూ తిప్పి చూడరు. రోజూ నేను చేసే పని అదే కదా, పొంగిన లైన్లను లోపలికి తేవడం. ఏది తీసేద్దామా అని చూశాను. సుగరు మాట తీసేశాను. అది కొద్దిమందికే కదా అనుకున్నాను. ఇక్కడ, ఈ జిల్లాలో, ఇంటికొక సుగరు మాత్రల డబ్బా ఉన్నచోట కూర్చుని, అది కొద్దిమందికే అనుకున్నాను.

నేను తీసెయ్యకుండా ఉంచిన వాక్యం ఏమిటో చూడండి. కాగితంలో మూడో పేరా. "అరికాలు మనతో మాట్లాడుతుంది. దాని మాట వినడం నేర్చుకుందాం." ఆ వాక్యం రవూఫ్ గారిది కాదు. నాది. బాగుందని ఉంచుకున్నాను.

ఆయనకు తెలుగు చదవడం అంతగా రాదు. కాగితం ఇస్తే అటూ ఇటూ తిప్పి, "నువ్వు చూశావుగా బేటీ, ఇంకేం" అన్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కొంచెం నీళ్లు తాగుతాను.

మన బ్యాచ్‌కు ఒక ఆనవాయితీ ఉంది. బయటివాళ్ల కోసం చెబుతున్నాను. పొద్దున్నే వచ్చి అందరం చెప్పులు విప్పి ఒక గోనెసంచిలో వేస్తాం. ఆ రోజు ఎవరైనా బూట్లతో పరిగెత్తితే ఆ సంచి వాళ్లు మొయ్యాలి. రెండు కిలోమీటర్ల అవతల టీ కొట్టు దాకా మొయ్యాలి. టైరు ట్యూబుతో చేసిన పల్చటి చెప్పులవాళ్లకు మినహాయింపు ఉంది. బూట్లవాళ్లకు లేదు. మామూలుగా కొత్తవాళ్లు మోస్తారు. నేనూ మోశాను. అందరూ నవ్వుతారు, మోసేవాళ్లూ నవ్వుతారు. ఎవరూ బూట్లతో రాకపోతే వంతుల ప్రకారం మోస్తాం. ఈ ఆనవాయితీ రవూఫ్ గారు పెట్టింది కాదు. మనం పెట్టుకున్నాం. సరదాకి.

పోయిన నెల ఒక సోమవారం రవూఫ్ గారు బూట్లు వేసుకొచ్చారు.

గుర్తుందా? తెల్ల కాన్వాసు బూట్లు, లోపల మేజోళ్లు. ఆరేళ్లలో ఆయన్ను అలా చూడటం మొదటిసారి. కట్టంతా ఒకటే కేకలు. "భాయ్, ఎవరిదో పెళ్లికి పోతన్నారా?" అన్నారొకరు. "పార్టీ మారారా, చెప్పనే లేదే?" అన్నారొకరు. "రూలంటే రూలే, సంచి గురువుగారిదే!" అన్నారు ఇంకొకరు. ఎవరు ఏది అన్నారో నేను చెప్పను. ఎవరన్నా అందరం నవ్వాం. ఎందుకు వేసుకున్నారని ఒక్కరమూ అడగలేదు. ఆరేళ్లుగా ప్రతివాళ్ల కాళ్లూ చూసిన మనిషి కాళ్లు మనం చూడలేదు.

ఆ సోమవారం సంచి వంతు నాది. నేనే దాన్ని ఎత్తి ఆయన భుజం మీద పెట్టాను.

ఆయన నవ్వుతూనే మోశారు. మంగళవారం మళ్లీ బూట్లతోనే వచ్చారు, మళ్లీ మోశారు. ముప్పై జతల చెప్పుల బరువు. బుధవారం మళ్లీ మోశారు. బుధవారం టీ కొట్టు దగ్గర ఆయన బల్ల మీద కూర్చుని ఒక బూటు వదులు చేసుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను. మేజోడు అడుగున మరక కనిపించింది. ఎర్రగా లేదు. పసుపు, గోధుమ రంగుల మధ్య ఉంది. వాసన కూడా వచ్చింది. ఆయన నా వైపు చూశారు. నేను చూశానని ఆయనకు తెలిసింది. బూటు బిగించుకున్నారు. నేను టీ గ్లాసులోకి చూశాను.

పెద్దాయన్ను ఏమని అడుగుతాం అనుకున్నాను. అందరి ముందు అడిగితే బాగుండదనుకున్నాను. ఇంకెవరైనా అడుగుతారులే అనుకున్నాను. పుస్తకంలో అచ్చుతప్పు కనిపిస్తే నాకు రాత్రి నిద్ర పట్టదు. ఆ మరక చూసి మాత్రం ఇంటికి వెళ్లి అన్నం తిని ఆఫీసుకు వెళ్లాను.

గురువారం ఆయన వట్టికాళ్లతో వచ్చారు. అప్పుడు మనం ఏం చేశాం?

చప్పట్లు కొట్టాం.

ఎందుకు విప్పేశారో అర్హాన్ నాకు తర్వాత చెప్పాడు. ఆ ఉదయం ఇంట్లో ఫక్రున్నీసా గారు పక్కదుప్పటి మీద మరక చూసి, ఈ కాలుతో కదలొద్దని గుమ్మానికి అడ్డం నిలబడ్డారట. "అందరి చేతా ఇప్పించి నేనేసుకుని తిరిగితే ఏం బాగుంటది? మూడు రోజుల్నించి నవ్వుతున్నారు" అని ఆయన పక్కకు జరిపి వచ్చేశారట. పుండుకు గుడ్డముక్క పెట్టి పైన ప్లాస్టరు అంటించుకుని, మనతో ఐదు కిలోమీటర్లు పరిగెత్తారు. నొప్పి లేదన్నారట. అబద్ధం చెప్పలేదండీ. ఆయనకు నిజంగానే నొప్పి లేదు.

ఆ తర్వాతి మంగళవారానికి చలిజ్వరం. బుధవారం ఆసుపత్రి. పాదం లోపల్నుంచి బియ్యపు గింజంత ఇనుప ముక్క తీశారు. అది కట్ట మీద దిగిందా, షెడ్డులో దిగిందా అని ఇప్పుడు మనలో రెండు వర్గాలున్నాయి. షెడ్డులోనే దిగింది, పరుగుది తప్పేమీ లేదని కొందరు. కట్ట మీదే దిగింది, ఈ పరుగులే మాన్పించాలని కొందరు. ఎక్కడ దిగిందో ఎవరికీ తెలియదు. దిగినట్టు ఆయనకు తెలియలేదు. మనకు తెలిసింది అంతే. రోజుకు ఐదుసార్లు నమాజుకు ముందు వుజూ చేసి కాళ్లు కడుక్కునే మనిషి ఆయన. చెయ్యి పాదం మీదుగా పోతూనే ఉంది. తగిలిన చోట తెలియకపోతే, కన్ను చూడకపోతే, నీళ్లు ఏం చెబుతాయి?

ముందు రెండు వేళ్లు తీసేశారు. తర్వాత మోకాలి కిందిదాకా తీసేశారు. విషం అప్పటికే రక్తంలోకి వెళ్లింది. ఆసుపత్రిలో చేరిన పదిహేనో రోజున పోయారు.

వేళ్లు తీసేయడానికి ముందు రోజు డాక్టరు ఆయనకు ఆ నైలాను దారం పరీక్ష చేశారు. రామతులసి గారికి చేసిందే. అర్హాన్ పక్కన ఉన్నాడు. కళ్లు మూసుకోమన్నారు. పదిచోట్ల ఆనించారు. రవూఫ్ గారు ఒక్కసారే తగిలిందన్నారు. పరీక్ష అయిపోయిందని తెలియక, కళ్లు మూసుకునే, "కానివ్వండి డాక్టర్ గారూ, మొదలుపెట్టండి" అన్నారట.

అయిపోయిందని చెప్పారు. ఆయన కళ్లు తెరిచి తన పాదాల వైపు చూసుకున్నారట. తర్వాత, "మరి ఇన్నాళ్లూ నేను ఇన్నది ఎవరి మాట?" అన్నారట.

  మూడో పేరాలో నేను రాసిన వాక్యం చదివి ఉంటే ఆ ప్రశ్న ఆయన నన్నే అడిగేవారేమో.

పరుగే తప్పని నేను అనడం లేదు. నా నడుం నొప్పి పోయింది. ఈ హాలులో ఇంత మంది ముందు నిలబడగలిగానంటే ఆ కట్ట మీద నేర్చుకున్న ధైర్యమే. చెప్పులు విప్పి నేల మీద నడవడంలో ఉన్న సంతోషం ఆయన వల్లే నాకు తెలిసింది. కానీ ఆయన నేర్పిందాన్ని మనం ఎటు తీసుకెళ్లాం? ఓపిగ్గా నేర్చుకోవలసిన పనిని పందెంగా మార్చాం. బూట్లు వేసుకోవడాన్ని నవ్వులాట చేశాం. వేసుకోవలసిన రోజు వేసుకున్న మనిషి చేత సంచి మోయించాం. ఇప్పుడు ఆయన పేరు ఫ్లెక్సీ మీద వేసి, ఆయన ఎన్నడూ ఒప్పుకోని పని ఆదివారం చేయబోతున్నాం.

రామకోటేశ్వరరావు గారూ, కమిటీ సభ్యులూ, నేను అడిగేది ఇదండీ. ఆదివారం పరుగు ఆపండి. పేర్లిచ్చినవాళ్లు రానివ్వండి. వచ్చినవాళ్లను కుర్చీల్లో కూర్చోబెడదాం. రామతులసి గారిని చూసిన డాక్టరు తన ఇద్దరు జూనియర్లతో వస్తానని నాకు మాటిచ్చారు. ఒక్కొక్కరి కాళ్లూ చూస్తారు. ముందు మన బ్యాచ్‌లో వాళ్లవి చూడాలి. రోజూ పరిగెత్తుతున్నాం, మాకేంటి అనేవాళ్లవి అందరికంటే ముందు చూడాలి. దారం తగిలింది తెలిసినవాళ్లు మర్నాటి నుంచి ఆయన చెప్పినట్టు ఇంట్లో రెండు నిమిషాలు నడవడం మొదలుపెడతారు. తెలియనివాళ్లకు చెప్పులు చేసిస్తానని అర్హాన్ అన్నాడు. తండ్రి వాడిన చెప్పుల అచ్చులు షెడ్డులోనే ఉన్నాయట. ఆ సంచి ఆనవాయితీ ఈరోజుతో పోవాలి. ఎవరి చెప్పులు వాళ్లే మోసుకుందాం.

ఫ్లెక్సీ కట్టేశాం, కరపత్రాలు పంచేశాం, ఇప్పుడు ఆపితే నవ్వుతారు అంటారని తెలుసు. నవ్వుతారనే ఆయన బూట్లు విప్పారు.

సార్, మీరు జవాబు ఇప్పుడే చెప్పక్కర్లేదు. మీకూ ఆయనంటే ప్రాణమని నాకు తెలుసు. కానీ పరుగు ఆగకపోతే ఆదివారం ఐదింటికే నేను యనమలకుదురు దగ్గర నిలబడతాను. వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆపి, సుగరుందా అని అడుగుతాను. ఆయన ఎలా పోయారో చెబుతాను. నాలుగు వందల మందికీ చెబుతాను. నాకు గట్టిగా మాట్లాడటం రాదు. ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి చెబుతాను.

మీ చేతుల్లో ఉన్న కాగితంలో మూడో పేరా కొట్టేయండి. పెన్ను లేనివాళ్లు పక్కవాళ్లను అడగండి. పేజీ పైన, ఖాళీ ఉన్నచోట, రవూఫ్ గారు చెప్పింది పెద్దక్షరాల్లో రాయండి. కాలికి తెలుస్తుందో లేదో చూపించుకోకుండా చెప్పు విప్పకూడదు. రాసేదాకా ఆగుతాను.

ధన్యవాదాలు.

సంతాప సభ కాబట్టి ఆఖరున మౌనం పాటించమని మిమ్మల్ని నేను అడగాలి. ఆ మాట అడగడానికి నాకు నోరు రావడం లేదు. ఆ బుధవారం టీ కొట్టు దగ్గర నేను పాటించింది మౌనమే. ఆయనకు మన దగ్గర దొరికింది అదే. అందుకని రెండు నిమిషాలే అడుగుతున్నాను. అంతకు మించి ఒక్క క్షణం కూడా వద్దు. రెండు నిమిషాలు కాగానే మీలో సుగరున్నవాళ్లు, కాలికి పుండున్నవాళ్లు, తిమ్మిరి ఉండి ఇంట్లో చెప్పనివాళ్లు, పక్కవాళ్లకు ఏదో కనిపించి అడగలేక ఊరుకున్నవాళ్లు, దయచేసి నోరు విప్పండి. ఈ హాలులోనే, ఈరోజే చెప్పండి.

అబ్దుల్ రవూఫ్ గారి కోసం, అందరూ లేచి నిలబడండి.